455 అనుకుని కొన్న జీటీఓ: ఎనిమిదేళ్ళ తర్వాత

నా 1970 పాంటియాక్ జీటీఓ కారు గురించి అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ నాలుగేళ్ళపాటు ఒకటే మాట చెప్పాను: కొంటే 455 కొనండి, 400 జోలికి పోకండి (ఈ అంకెలు ఇంజన్ సైజులు, క్యూబిక్ అంగుళాల్లో). సిగ్నల్ దగ్గర కాలు ఆనీ ఆనకముందే బండి ముక్కు పైకి లేచి, వెనకనుంచి ఎవరో గెంటినట్టు కదిలే ఆ ఊపు 400కి ఎక్కడినుంచి వస్తుందని వాదించాను కూడా. ఆ మాటల్లో కొన్ని వెనక్కి తీసుకోవాలి. ఎందుకంటే ఆ నాలుగేళ్ళూ నేను నడిపింది 400నే.

బండి 2017లో ఒహాయోలో కొన్నాను. మేముండేది మిషిగన్‌లో, నోవైలో. కొనేముందు నాకు తోచిన జాగ్రత్తలన్నీ తీసుకున్నాను. బండి నంబరు 242తో మొదలైందో లేదో చూశాను. అలా ఉంటే అది పుట్టుకతోనే జీటీఓ, అదే ఒళ్ళున్న మామూలు మోడల్ లెమాన్స్‌కి పేరు అతికించి అమ్మేది కాదు. అంతవరకు తెలుసు. ఆ ఏడాది పాంటియాక్ బండి నంబర్లో ఇంజన్ ఊసే ఉండదని మాత్రం తెలియదు. ఎయిర్ క్లీనర్ మూత మీద 455 అని స్టిక్కర్ ఉంది. అమ్మినాయన 455 అన్నాడు, ఆయనకి అమ్మినవాళ్ళూ అదే చెప్పారట. ఆయన మోసం చేశాడని ఇప్పటికీ అనుకోను. నేను నమ్మినట్టే ఆయనా నమ్మాడు.

పాంటియాక్‌తో ఉన్న చిక్కే ఇది. షెవర్లేలో స్మాల్ బ్లాక్‌కీ (చిన్న ఇంజన్‌కీ) బిగ్ బ్లాక్‌కీ (పెద్దదానికీ) తేడా బానెట్ ఎత్తగానే తెలిసిపోతుంది. పాంటియాక్ వీ8లు 326 నుంచి 455 దాకా బయటికి కవలపిల్లల్లా ఉంటాయి. తేడా అంతా కడుపులోనే. 400లో సిలిండర్ వ్యాసం 4.12 అంగుళాలు, పిస్టన్ పైకీ కిందికీ తిరిగే దూరం 3.75 అంగుళాలు. 455లో అవి 4.15, 4.21. వెడల్పు దాదాపు అంతే, పెరిగిందల్లా పిస్టన్ నడక. (మా నాన్నగారి అంబాసిడర్ ఇంజన్ 1489 సీసీ. అలాంటివి ఐదు కలిపితే ఒక 455. లెక్క వేసి చూసుకుంటే దాదాపు సరిగ్గా కుదిరింది, ఆ రోజంతా అదే ఆనందం.)

ఈ సైజు కార్లలో 400 క్యూబిక్ అంగుళాలకి మించిన ఇంజన్ పెట్టకూడదని జనరల్ మోటార్స్ తనకు తాను పెట్టుకున్న నియమాన్ని 1970 మోడళ్ళకి ఎత్తేసింది. అలా జీటీఓలోకి 455 వచ్చింది. తమాషా ఏమిటంటే కాగితం మీద గుర్రాలు (హార్స్‌పవర్) దీనికేమీ ఎక్కువ కాదు. మామూలు 400కి 350, అందులోనే బలం పెంచిన రకాలైన రామ్ ఎయిర్ 3కి 366, రామ్ ఎయిర్ 4కి 370, పెద్దన్న 455కి 360. తేడా టార్క్‌లో, అంటే చక్రాన్ని తిప్పే బలంలో: మామూలు 400కి 445 ఫుట్-పౌండ్లు, 455కి 500. ఆ పైన ఉన్న 55 నాకు నడుం దగ్గర తెలుస్తోందని చెప్పుకు తిరిగిన మనిషిని నేను.

2021 ఆగస్టుకి వద్దాం. ఆగస్టు మూడో శనివారం వుడ్‌వర్డ్ ఎవెన్యూ మీద డ్రీమ్ క్రూజ్ అనే పాత కార్ల జాతర జరుగుతుంది. డెట్రాయిట్‌లో మొదలై పాంటియాక్ ఊరిదాకా పోయే రోడ్డు అది. నా బండికి పేరిచ్చిన ఊరు. 2020లో కొవిడ్ వల్ల ఆపేశారు కాబట్టి ఆ ఏడు జనం విరగబడ్డారు. ఇక్కడ పాత బండ్ల నంబర్ ప్లేటు తీసుకుంటే ఏడాది పొడుగునా ప్రదర్శనలకీ ఊరేగింపులకీ తప్ప తిప్పకూడదు, ఒక్క ఆగస్టు నెలలో మాత్రం ఎక్కడికైనా వెళ్ళొచ్చు. ఆ చట్టం రాసినవాళ్ళకి వుడ్‌వర్డ్ సంగతి బాగా తెలిసే ఉంటుంది. మా ఇంట్లో శ్రావణమాసం పేరంటాలు కూడా అప్పుడే వస్తాయి కాబట్టి నాకు ఆగస్టంటే ఎప్పుడూ రెండు పడవల మీద కాళ్ళే.

బర్క్‌లీ దగ్గర పక్కకి ఆపి, పిల్లాడికి ఐస్‌క్రీమ్ కొనిచ్చి, అరగంట తర్వాత వచ్చి తాళం తిప్పాను. స్టార్టర్ తిరుగుతోంది, ఇంజన్ అందుకోవడం లేదు. ఇంకోసారి తిప్పితే కార్బురేటర్లోంచి ఠాప్‌మని పేలింది. ఎండకి పెట్రోలు ఆవిరైపోయిందేమో అనుకున్నాను. ఈ బండ్లకి అది మామూలే. బానెట్ ఎత్తి పెట్టి కూర్చున్నాను. ఫుట్‌పాత్ మీద మడత కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన అక్కణ్ణుంచే విని, "ఆవిరి కాదు బాబూ, టైమింగ్ చైన్" అన్నాడు. లేచొచ్చి, చిన్న టార్చి వేసి, ఇంజన్ వెనకవైపు డిస్ట్రిబ్యూటర్ పక్కకి వంగి చూశాడు. "ఏ ఇంజన్ అన్నావు?" అన్నాడు. 455 అన్నాను, కాస్త ఛాతీ విరిచే. ఆయన నవ్వి, నా భుజం తట్టి, వెళ్ళి మళ్ళీ కుర్చీలో కూర్చున్నాడు. ఆయన చూసింది బ్లాక్ మీద పోతపోసిన నంబరు అని నాకు పదిరోజుల తర్వాత అర్థమైంది. ఇంత పరువు కాపాడిన మనిషి పేరైనా అడగలేదు.

షాపులో ముందు కవర్ విప్పారు. ఆయన చెప్పిందే. ఆ కాలం పాంటియాక్‌లలో టైమింగ్ చైన్ తిరిగే క్యామ్ పళ్ళచక్రం అల్యూమినియంది, పళ్ళకి నైలాన్ తొడుగు. చప్పుడు రాకుండా అలా చేసేవారు. యాభై ఏళ్ళు వేడికి కాగి కాగి ఆ నైలాన్ బిస్కెట్‌లా పెళుసుబారి విరిగిపోయింది, చైన్ పళ్ళు దాటి జారింది. ఇందులో ఎవర్నీ అనేది లేదు. ఈ పళ్ళచక్రం సంగతి నాకు ముందే తెలుసు, వచ్చే చలికాలం మారుద్దాం అని నాలుగు చలికాలాలు దాటేశాను. అంతకు నెలరోజుల ముందునుంచే ఆయిల్ ప్రెషర్ ముల్లు వణుకుతోంది. పాత మీటరు కదా, అలాగే ఉంటుందిలే అనుకున్నాను.

నైలాన్ ముక్కలు ఎక్కడికి పోతాయి? కింద ఆయిల్ తొట్టిలోకి. అక్కడ ఆయిల్ పీల్చే జల్లెడకి అడ్డం పడతాయి. అందుకని తొట్టి దింపారు. బేరింగులు ఎంత తిన్నాయో చూద్దామని ఒక మెయిన్ క్యాప్ విప్పారు. మెషిన్ షాప్ ఆయన క్రాంక్ (పిస్టన్లు తిప్పే ఇరుసు) మీద మైక్రోమీటర్ పెట్టి, చూసి, తుడిచి, మళ్ళీ పెట్టాడు. నాకు ఫోన్ చేసి "నువ్వు 455 అన్నావు కదూ?" అన్నాడు. ఆ అడిగిన తీరుకే నాకు కడుపులో దేవినట్టయింది. 455 క్రాంక్ మెయిన్ జర్నల్, అంటే బేరింగులో కూర్చునే భాగం, 3.25 అంగుళాలు ఉండాలి. నాది సరిగ్గా 3 అంగుళాలు. ఆ తర్వాత, పాత పాంటియాక్‌ల ఫ్యాక్టరీ రికార్డులు ఇచ్చే పాంటియాక్ హిస్టారిక్ సర్వీసెస్‌కి డబ్బు కట్టి కాగితాలు తెప్పించాను. ఫ్యాక్టరీనుంచి వచ్చిందే 350 గుర్రాల మామూలు 400తో. మొదట్లోనే తెప్పించుకోవాల్సిన కాగితం అది.

మా ఆవిడ వినీ విననట్టు విని, "అయితే ఇన్నాళ్ళూ మీకు తేడా తెలియలేదా అండీ?" అంది. ఈ సమీక్ష అసలు ఆ ప్రశ్న వల్లే రాస్తున్నాను.

400నే బాగుచేయించుకోవచ్చు. అదే బ్లాక్‌లో 4.25 అంగుళాల క్రాంక్ వేసి 461 చేసుకోవచ్చు, చాలామంది చేసేది అదే, తెలివైన పని కూడా. నేను మాత్రం మొండికేసి, ఒక బానెవిల్‌లోంచి (అదీ పాంటియాక్ కారే) తీసిన అసలు 455ని వెతికి పట్టుకున్నాను. నాలుగేళ్ళు చెప్పిన అబద్ధాన్ని నిజం చేసి తీరాలని పంతం. ఇక్కడ ఒక మాట, డబ్బు మిగులుతుంది కదా అని 400 హెడ్లు (సిలిండర్ల మీద బిగించే మూతలు) తీసి 455కి బిగించేవాళ్ళు ఉంటారు. అవి సరిగ్గా కూర్చుంటాయి, అదే ప్రమాదం. 400 హెడ్‌లో గది చిన్నది, కింద సిలిండర్ పెద్దదైతే కంప్రెషన్ 11 దాటిపోతుంది. ఇనప హెడ్లతో, ఇప్పటి పంపు పెట్రోలుతో, ఇంజన్ గులకరాళ్ళ డబ్బాలా కొట్టుకుంటుంది. నేను పెద్ద గదుల హెడ్లు వేయించి 9.3 దగ్గర ఆపాను. అందుకని నా 455, 1970 నాటి 455కన్నా కాస్త మెత్తన. ఈ పోలికలో ఆ మేరకు లోపం ఉంది.

2022 మే నుంచి అదే బండి, అదే టర్బో హైడ్రామాటిక్ ఆటోమేటిక్ గేర్‌బాక్సు, అదే 3.55 నిష్పత్తి వెనక ఆక్సిల్, ఇంజన్ ఒక్కటే వేరు. తేడా తెలిసిందా అంటే తెలిసింది. నేను అనుకున్నచోట కాదు.

సిగ్నల్ దగ్గర నేను అంతగా పొగిడిన ఆ గెంటుడు రెండింటికీ ఉంది. 455కి ఎక్కువే, కానీ ఆ ఎక్కువంతా వెనక టైర్ల పొగలో పోతుంది. వానలో అయితే కాలి కింద గుడ్డు ఉన్నట్టు నడపాలి. 455 గొప్పతనం దాని తీరుబడిలో ఉంది. ఊళ్ళో 30 మైళ్ళ మీద పోతున్నప్పుడు ఇంజన్ ఉన్నట్టే తెలియదు. ఎత్తు ఎక్కాలన్నా, ఎవరినైనా దాటాలన్నా గేరు కిందికి దిగదు, గొంతు పెంచదు, అలా వెళ్ళిపోతుందంతే. బాగా తిన్న ఒంగోలు గిత్త ఖాళీ బండి లాగినట్టు. ఈ సుఖం 400తో నాలుగేళ్ళలో ఒక్కరోజూ దొరకలేదు. మా ఆవిడ ఇప్పుడు దీన్లో కూర్చుని నిద్రపోతుంది.

కానీ ఐ-96 ఎక్కే ర్యాంపు మీద 400 గుర్తొస్తుంది. అది నిమిషానికి 3000 చుట్లు దాటాక ఊపిరి పీల్చుకుని, 5000 దాకా ఒకే బిగిన అరుస్తూ పోయేది. 455 మొదట్లోనే చెప్పాల్సిందంతా చెప్పేసి, 4500 వచ్చేసరికి మాట మార్చేస్తుంది. అంత పెద్ద సిలిండర్‌కి ఆ హెడ్లలోంచి గాలి చాలదు. పొడుగు పిస్టన్ నడకకీ ఆ పరుగు ఇష్టం ఉండదు. పైగా 70 మైళ్ళ దగ్గర ఈ ఆక్సిల్‌తో ఇంజన్ 3000 పైన తిరుగుతూనే ఉంటుంది. 400కి అది హాయి, 455కి చాకిరీ. దీనికి 3.08 ఆక్సిల్ వెయ్యమంటున్నారు. వేస్తే ఇంకో సమీక్ష రాయాలి. పెట్రోలు గురించి అడక్కండి. గాలనుకి 12 మైళ్ళు వచ్చేది ఇప్పుడు 10 దాటితే సంతోషం. మా వాడైతే "పాతదే బాగా అరిచేది నాన్నా" అని తేల్చేశాడు. వాడికి పదహారేళ్ళు, వాడి తీర్పుని ఆ లెక్కనే తీసుకోండి.

ఏది కొనాలి అంటే, నేను మే నుంచి అక్టోబరు దాకా నడుపుతాను, ఎక్కువ భాగం ఊళ్ళోనే, పక్కన ఇంటావిడ ఉంటుంది, నాకు యాభై దాటాయి. ఈ లెక్కల్లో 455 సుఖం. గేరు మీరే మార్చే బండి అయితే, ఒక్కరే నడిపితే, మంచి 400 చాలు. పైన మిగిలిన డబ్బు బ్రేకులకి పెట్టండి. ఏది కొన్నా సరే, డిస్ట్రిబ్యూటర్ పక్కన టార్చి వేసి ఆ నంబరు ముందు చదవండి.

పాత 400ని కూడా బాగుచేయించాను, ఈసారి ఇనప పళ్ళతో. గ్యారేజీలో దుప్పటి కప్పుకుని స్టాండు మీద ఉంది. ఇద్దరు కొంటామని వచ్చారు. ఇద్దరికీ ఎవరూ కొననంత ధర చెప్పి పంపించాను.