ఎక్స్ఛేంజా, వర్క్ క్యాంపా: ఏది మేలు?

పిల్లలు పదహారు, పదిహేడేళ్లకు వచ్చేసరికి తల్లిదండ్రులు అడిగే ప్రశ్న ఇదే. పరదేశాల పిల్లలతో స్నేహం కుదరాలంటే ఏ దారి మేలు? అక్కడి ఇంట్లో ఉంటూ అక్కడి బడిలో చదివే ఏడాది ఎక్స్ఛేంజా, పలు దేశాలవాళ్లు కలిసి ఏదైనా పని చేసే రెండు మూడు వారాల వర్క్ క్యాంపా, ఉత్తరాలా, ఐక్యరాజ్యసమితి సభను అనుకరించే మోడల్ యూఎన్నా?

చిన్నవాటిని ముందే తేల్చేద్దాం. మోడల్ యూఎన్‌తో నలుగురిలో మాట్లాడే ధైర్యం వస్తుంది, తీర్మానం రాయడం వస్తుంది. కానీ అక్కడ పిల్లలు ఏదో ఒక దేశం పేరుపలక వెనక కూర్చుని వాదిస్తారు, చాలాసార్లు ఎదుటి దేశం కూడా పక్క క్లాసు పిల్లాడే. దేశదేశాల అపరిచితులు పోస్టుకార్డులు పంపుకునే పోస్ట్‌క్రాసింగ్ 2005 నుంచి ఉంది, సరదాగానే ఉంటుంది. అయితే మీరు కార్డు పంపేది ఒకరికి, మీకు వచ్చేది ఇంకొకరి నుంచి. కలం స్నేహం అంతకంటే నయం, ఓపికుంటే.

ఇక అసలు పోటీ. నా మటుకు కొలత ఒక్కటే: చుట్టపుచూపు ఎన్నాళ్లకు పోతుంది? అతిథిగా ఉన్నంతకాలం రెండువైపులా మర్యాదే నడుస్తుంది. విసుక్కోవడం, పనికి వంతులేసుకోవడం, అలిగి మళ్లీ మాట్లాడుకోవడం మొదలయ్యాకే స్నేహం. మనస్తత్వవేత్త గోర్డన్ ఆల్‌పోర్ట్ 1954లోనే చెప్పాడు, ఊరికే కలిస్తే అపోహలు పోవని. ఇద్దరికీ సమాన హోదా ఉండాలి, ఒకే లక్ష్యం ఉండాలి, కలిసి పనిచెయ్యాలి, పెద్దల అండ కావాలి.

ఎక్స్ఛేంజ్‌లో హోదా సమానం కాదు. ఇల్లు వాళ్లది, భాష వాళ్లది, మన పిల్లవాడు ఒంటరి. దాన్ని సరిచేసేది కాలమే. ప్రపంచయుద్ధాల్లో గాయపడ్డవాళ్లను మోసిన అంబులెన్స్ డ్రైవర్ల సంఘం ఏఎఫ్‌ఎస్ 1947లో హైస్కూలు పిల్లల మార్పిడి మొదలుపెట్టింది. అలా వెళ్లిన పిల్లవాడిని కొన్ని నెలలకు ఆ ఇంటావిడ "బట్టలు ఎక్కడ పడితే అక్కడ పడేస్తావేం?" అని కసురుతుంది చూడండి, ఆ రోజుతో వాడు ఇంటి మనిషి. రోటరీ ఏడాది ఎక్స్ఛేంజ్‌లో సాధారణంగా మధ్యలో ఇల్లు మారుస్తారు. మారినప్పుడల్లా చుట్టపుచూపు మళ్లీ మొదటికొస్తుంది. కాకపోతే ఒక్క ఇంటి తీరు చూసి దేశమంతా ఇంతే అనుకునే ప్రమాదం తప్పుతుంది.

వర్క్ క్యాంప్‌లో ఆ నెలలు ఆగక్కర్లేదు. 1920లో పియర్ సెరెసోల్ అనే స్విస్ ఇంజినీరు, వెర్దున్ దగ్గర మొదటి ప్రపంచయుద్ధంలో కూలిన ఒక ఫ్రెంచి పల్లెను మళ్లీ నిలబెట్టడానికి కొద్దిమందిని పోగుచేశాడు. అందులో జర్మన్లూ ఉన్నారు. నిన్నటి శత్రువుల ఊళ్లో వాళ్లు చెమటోడ్చారు! వర్క్ క్యాంపులు నడిపే సర్వీస్ సివిల్ ఇంటర్నేషనల్ సంస్థ మొదలైంది అక్కడే. 1934 బీహార్ భూకంపం తర్వాత పల్లెలు తిరిగి కట్టడానికీ ఆయన వచ్చాడు.

ఇక్కడ అందరూ కొత్తవాళ్లే, మొదటి రోజే చేతికి పార వస్తుంది. సాయంత్రం కబుర్లలో ఇంగ్లీషు బాగా వచ్చినవాళ్లదే పైచెయ్యి. పొద్దున గోడ కడుతున్నప్పుడు మాత్రం రెండు ముక్కల ఇంగ్లీషు కూడా రాని కుర్రాడు అందరికీ పని నేర్పుతుంటాడు. ఈ తారుమారు నాకు ఇంకెక్కడా కనబడలేదు. లోపమూ ఉంది: వచ్చినవాళ్లు తమలో తాము కలిసిపోతారు, ఆ ఊరి జనం చూస్తూ నిలబడిపోతారు. వాళ్లూ పనిలోకి దిగే క్యాంపులే ఎంచుకోండి.

చాలా క్యాంపులకు 18 నిండాలి కాబట్టి అంతలోపు ఎక్స్ఛేంజే దిక్కు. పదకొండేళ్ల పిల్లలకైతే 1951లో మొదలైన సీఐఎస్‌వీ సంస్థ విలేజ్‌లు, అంటే పలు దేశాల పిల్లలు కలిసి ఉండే శిబిరాలు, ఉన్నాయి, నాలుగు వారాలు ఉంటాయి. 18 దాటితే నా ఓటు పారకే.

దరఖాస్తు చేసేముందు నిర్వాహకులను ఒక్క మాట అడగండి: అంట్లు ఎవరు తోముతారు? "అవన్నీ మేం చూసుకుంటాం" అన్నారంటే, అది విహారయాత్ర.