జాగ్రత్త: సగం ధరకు దొరికే పాత స్టాకు ట్రెకింగ్ బూట్లు

"క్లియరెన్స్", "ఒక్కసారి కూడా వేసుకోనివి" అని అమ్ముతున్న బూట్లతో అభయారణ్యాల్లో తిరగాలనుకునేవాళ్లు కొనేముందు ఇది చూడండి. తోలు మీద గీత కూడా ఉండదు, కొత్త వాసన పోదు. అడవిలో కాస్త దూరం నడిచేసరికి సోల్ ఊడి చేతికొస్తుంది.

చాలాసార్లు తప్పు జిగురుది కాదు. అడుగు రబ్బరుకీ పైతోలుకీ మధ్య మెత్తటి మిడ్‌సోల్ ఉంటుంది. బరువైన బూట్లలో అది ఎక్కువగా పాలీయురేథేన్ నురుగు. గాలిలోని తేమకు అది ఏళ్ల తరబడి లోలోపలే గుల్లబారిపోతుంది. దీన్నే హైడ్రాలసిస్ అంటారు. వాడకుండా దాచినా ఆగదు. పైగా డబ్బాలో కదలకుండా పడి ఉన్న జతే ముందు పోతుంది, నడుస్తుంటే నురుగు నొక్కుకుని తేమ కొంత బయటికి పోతుంది కాబట్టి. తయారై ఐదారేళ్లు దాటిందంటే అనుమానించాల్సిందే. వేడిగా, చెమ్మగా ఉండే గోదాములో పడి ఉంటే ఇంకా ముందే.

తయారీ నెల, ఏడాది సాధారణంగా బూటు నాలుక (లేసుల కింద ఉండే పట్టీ) లోపలి లేబుల్ మీద ఉంటాయి. దాని ఫొటో అడగండి. పంపనంటే వదిలేయండి, బేరం ఎంత బాగున్నా సరే. బూటు చేతికొచ్చాక మడమ పక్కన మిడ్‌సోల్‌ని గోటితో గట్టిగా నొక్కండి. గుంట అలాగే ఉండిపోయినా, జిగటగా తగిలినా, పొడి రాలినా దాని పని అయిపోయినట్టే. వేళ్ల దగ్గర బాగా వంచి సన్నటి బీటలు కూడా వెతకండి. చుట్టూ రబ్బరు పట్టీ కప్పేసిన మోడళ్లలో ఇవేవీ కనపడవు, అక్కడ తేదీ ఒక్కటే దిక్కు. ఈవీఏ అనే మరో రకం నురుగు మిడ్‌సోల్‌కి ఈ జబ్బు లేదు గానీ, అది పాతబడితే గట్టిపడి మెత్తదనం పోతుంది.

వాపసు గడువు ముగిసేలోపు ఇంట్లోనే, మెట్ల మీద, బరువు మోస్తూ నడిచి చూడండి.

అడవిలో ఊడితే సూపర్ గ్లూ దండగ. గుల్లబారిన నురుగుకి పట్టదు, పట్టినా పొరతో సహా లేచి వస్తుంది. బురద, తడి తుడిచి డక్ట్ టేప్ మూడు నాలుగు చుట్లు వేయండి, దాని మీద మడమకు ముందు ఒకటి, వేళ్ల కింద ఒకటి తాడు బిగించండి. తడి రాళ్ల మీద టేప్ జారుతుంది, వాగు దాటేటప్పుడు చూసుకోండి. రెండో బూటు వయసూ అదే కనుక, ఊడేదాకా ఆగకుండా దాన్నీ అప్పుడే కట్టేసి దగ్గరి దారిన వెనక్కి వచ్చేయండి.