అరకులో రాత్రి బస: డోమా, ట్రీ హౌసా, మట్టి ఇల్లా?

అరకులో వలిసె పూలు విచ్చుకోవడం మొదలైందంటే నన్ను అందరూ అడిగేది ఒకటే: "డోమ్ తీసుకోమంటారా, ట్రీ హౌసా?" ఫోటోలు చూసి అడుగుతారు. అద్దంలాంటి ముందు భాగం, లోపల తెల్లటి పరుపు, ఎదురుగా కొండ. బాగానే ఉంటుంది. కానీ పగలంతా బొర్రా గుహలు, కాఫీ తోటలు, చాపరాయి తిరిగి రూముకి చేరేసరికి చీకటి పడుతుంది. కొండ కనిపించదు. మీరు డబ్బు కట్టేది రాత్రి నిద్రకి. అందుకే నేను ముందు చూసేది గోడ దేనితో కట్టారన్నది. వ్యూ సంగతి తర్వాత.

డోమ్ అంటే ఇనుప గొట్టాల చట్రం మీద బిగించిన పీవీసీ షీటు. ఆకాశం మబ్బు లేకుండా ఉన్న చలికాలపు రాత్రి ఆ పలుచటి షీటు బయటి గాలికన్నా ఎక్కువగా చల్లబడుతుంది. లోపల పడుకున్నవాళ్ళ ఊపిరిలోని ఆవిరి దానికి తగిలి నీటి బొట్లుగా మారి, తెల్లవారుజామున రగ్గుల మీద పడుతుంది. వాన కారుతోందని రిసెప్షన్‌కి ఫోన్ చేసినవాళ్ళు నాకు తెలుసు. జిప్పు కాస్త తెరిచి పెడితే చెమ్మ తగ్గుతుంది, బదులుగా చలి లోపలికొస్తుంది. ఎండెక్కాక కథ తిరగబడి లోపల ఉక్క మొదలవుతుంది. ఏసీ ఉందంటారు, కరెంటు ఉన్నంతసేపు ఉంటుంది మరి. లోపలి వైపు మందపాటి రెండో పొర వేసిన డోమ్ చాలా నయం, అది ఉందో లేదో ఫోన్‌లోనే అడగండి. హైదరాబాద్ వాళ్ళు వికారాబాద్ అనంతగిరి వైపు ఏప్రిల్‌లో డోమ్ బుక్ చేస్తుంటారు, నేనైతే చేయను.

గుండ్రటి ఆకారం గాలికి నిలుస్తుందని డోమ్‌ల వాళ్ళు చెప్పేది నిజమే. అమెరికాలో బక్‌మిన్‌స్టర్ ఫుల్లర్ అనే డిజైనర్ ఈ చట్రానికి పేటెంట్ పొందింది 1954లో. ఉత్తరాంధ్ర తీరంలో తాటాకు చుట్టిళ్ళు కట్టుకున్నవాళ్ళకి తుఫాను గాలికి మూలలు లేని గోడ మంచిదని అంతకు చాలా ముందే తెలుసు.

మట్టి ఇల్లు డోమ్‌లా కాదు. మందపాటి మట్టిగోడ పగటి వేడిని మెల్లగా లోపలికి తీసుకుని రాత్రి మెల్లగా వదులుతుంది. గాలిలోని తేమను కూడా కొంత పీల్చుకుంటుంది కాబట్టి నెత్తిన బొట్లు పడవు. మన్యం ఊళ్ళలో పాత ఇళ్ళు చూడండి: మందపు గోడలు, చిన్న కిటికీలు, కిందికి దిగిన చూరు. అక్కడి చలికీ వానకీ సరిపోయేలా కట్టుకున్నవి. ఇబ్బందులూ ఉన్నాయి. లోపల వెలుతురు తక్కువ, బల్లులు తప్పవు, పొడుగు మనుషులు గుమ్మం దగ్గర తల వంచాల్సిందే. అసలు చిక్కు నకిలీలతో. సిమెంటు ఇటుకల గోడకి పైన మట్టి పూసి, రేకుల మీద గడ్డి పరిచి మట్టి ఇల్లని అమ్ముతున్నారు. గోడ ఎంత మందం, గడ్డి కింద రేకు ఉందా అని అడగండి. రేకు ఉంటే వాన రాత్రి మాటలు కూడా వినపడవు. ఇంతకీ నేను చూసిన చోట్ల డోమ్‌కన్నా మట్టి ఇంటి రేటే తక్కువ.

ట్రీ హౌస్ పిల్లల కోసమైతే సరే. మన దగ్గర చాలావాటికి చెట్టు పక్కన నిలబడి ఉంటుంది, బరువు మోసేవి ఇనుప స్తంభాలు. నిజంగా చెట్టు మీదే కట్టినదైతే, కాండం చుట్టూ చెక్కలు ఖాళీ లేకుండా బిగించారేమో చూడండి. చెట్టు లావెక్కుతుంది, గాలికి ఊగుతుంది, ఆ కాస్త సందు ఉండాలి. కాండం వెంట వాన నీళ్ళూ చీమలూ వస్తాయి. బాత్రూమ్ కింద ఉంటే రాత్రి రెండింటికి ఆ మెట్లు దిగే పని మీదే. మోకాళ్ళ నొప్పులున్న అమ్మానాన్నలతో వెళ్తూ ఇది బుక్ చేయకండి.

లంబసింగి, వంజంగిలో మామూలు టెంట్ చాలు. వంజంగిలో మబ్బుల మీద సూర్యోదయం చూడాలంటే చీకట్లోనే లేచి కొండ ఎక్కాలి, ఎలాగూ నిద్ర ఉండదు. కింద పరిచే చాప, మంచి స్లీపింగ్ బ్యాగ్ ఇస్తారో లేదో కనుక్కుంటే సరిపోతుంది.

కంటైనర్ రూములంటే ఇనుప పెట్టెలు, వేడినీ చలినీ ఆపే పొర (ఇన్సులేషన్) లేకపోతే వద్దు. దిండి హౌస్‌బోట్ గురించి కూడా అడుగుతున్నారు. అది గోదావరి ప్రయాణం, దాన్ని అరకు బసతో పోల్చలేం.

నాకైతే డిసెంబరులో అసలైన మట్టి ఇల్లు, బాత్రూమ్ లోపలే ఉన్నది. అది దొరక్కపోతే రెండు పొరల డోమ్.