ముక్కుకు చదువు చెప్పే నశ్యం ఏది? మూడు డబ్బాల సమీక్ష

నశ్యం, అంటే ముక్కుతో పీల్చే పొగాకు పొడుం, కొనేవారిలో చాలామంది అందులో వెతికేది ఘాటునే. ముక్కులో మంట పుట్టి, కళ్లు చెమర్చి, వరుసగా నాలుగు తుమ్ములు వస్తే పొడుం మంచిదని తేల్చేస్తారు. ఈ సమీక్షలో ఆ కొలమానాన్ని పక్కన పెట్టి, వాసనలను గుర్తుపట్టడం, ఒకదాని నుంచి మరొకదాన్ని విడదీయడం నేర్చుకోదలచినవారికి ఏ నశ్యం ఎంతవరకు పనికివస్తుందన్న ఒక్క విషయాన్నే చూశాను. ఇందుకోసం ఎంచుకున్నవి మూడు: జర్మనీలోని బవేరియాలో 1902లో మొదలైన పోష్ల్ సంస్థ తయారుచేసే గ్లెచర్‌ప్రీజె, 1737 నాటి మూలాలున్న ఇంగ్లండ్‌లోని షెఫీల్డ్ సంస్థ విల్సన్స్ ఆఫ్ షారో వారి ఎస్.పి. బెస్ట్, 1792 నుంచి నశ్యం తయారీకి పేరుపడ్డ, ఇంగ్లండ్‌లోనే ఉన్న కెండల్ పట్టణానికి చెందిన శామ్యూల్ గావిత్ వారి కెండల్ బ్రౌన్.

కొత్తవారికి సాధారణంగా ముందుగా చేతికి అందేది గ్లెచర్‌ప్రీజె. మూత తీయగానే మెంథాల్ చల్లదనం కనుబొమల దాకా పాకుతుంది, ముక్కు ఒక్కసారిగా తెరుచుకున్నట్టు అనిపిస్తుంది. అయితే మెంథాల్ వల్ల ముక్కులో గాలి దారి నిజంగా వెడల్పు కాదు. ముఖానికి చలి, మంట, నొప్పి తెలియజేసే ట్రైజెమినల్ నాడి మీద అది పనిచేసి, చల్లని గాలి ఆడుతున్న భ్రమ కలిగిస్తుందంతే. వాసనను తెలిపే నాడి వేరు, దాని తంతువులు ముక్కు కుహరంలో పైకప్పు దగ్గర ఉంటాయి. ఘ్రాణశక్తి పూర్తిగా కోల్పోయినవారు కూడా మెంథాల్ చల్లదనాన్ని గుర్తించగలుగుతారంటే, ఈ డబ్బాలో మనకు అంతగా నచ్చేదానిలో సగానికి పైగా అసలు వాసనే కాదని ఒప్పుకోవాలి. హాయిగా ఉంటుంది, కానీ చదువు చెప్పే నశ్యం మాత్రం కాదు. వాసనకూ స్పర్శకూ తేడా తెలుసుకోవడానికి ఒకసారి వాసన చూసి పక్కన పెట్టవచ్చు.

ఎస్.పి. బెస్ట్ దగ్గర అసలు పాఠం మొదలవుతుంది. ఎస్.పి. అనే ఈ రకం నశ్యాలకు నిమ్మజాతి పండ్ల తొక్కల నుంచి వచ్చే తైలాల పరిమళం, ముఖ్యంగా బెర్గమోట్, ఆనవాయితీ. డబ్బా తెరిచిన క్షణంలో పైకి వచ్చేది ఆ పుల్లటి, కొద్దిగా చేదు కలిసిన తొక్క వాసనే. దాని కింద ఎండు పొగాకు వాసన ఉన్నా, తేలికగా ఆవిరయ్యే తైలాలు ముందు పరుగెత్తడం వల్ల అది చప్పున దొరకదు. దాన్ని పట్టుకోవడానికి ఒక ఉపాయం ఉంది. ఒకే వాసనను ఎడతెగకుండా పీలిస్తే కాసేపటికి ముక్కు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, దాన్ని పోలిన వాసనలనూ కొంతవరకు వదిలేస్తుంది. కాబట్టి తాజాగా వలిచిన నిమ్మతొక్కను ముక్కు దగ్గర ఉంచుకుని కాసేపు పీల్చి, వెంటనే డబ్బా మీదికి వంగితే, ఇంతసేపూ ముందు నిలబడిన బెర్గమోట్ వెనక్కి తగ్గి, ఎండుగడ్డి లాంటి పొగాకు వాసన ముందుకు వస్తుంది. ముక్కుకు కాస్త విశ్రాంతి ఇచ్చి మళ్లీ చూస్తే తొక్క వాసన తిరిగి వస్తుంది. ఒకే డబ్బాలోని రెండు పొరలను ఇలా ఇష్టమొచ్చినట్టు ముందుకూ వెనక్కూ జరపగలగడం నాకు ఈ మూడింటిలోకీ ఎక్కువ ఆసక్తి కలిగించిన అనుభవం.

కెండల్ బ్రౌన్‌కు పరిమళం అద్దరు. ముదురు గోధుమరంగులో, ముతకగా, వేలికి అంటుకునేంత నెమ్ముగా ఉంటుంది. దీని మొదటి వాసన చాలామందిని వెనక్కి నెడుతుంది, ఎందుకంటే అది పశువుల కొట్టం వాసన. నశ్యం తయారీలో క్షార లవణాలు కలపడం వాడుక. నికోటిన్ తేలికగా విడుదల కావడానికి అవి తోడ్పడతాయి, అమ్మోనియా వాసన పుట్టడానికి కూడా అవే కారణం. ఇక్కడ తొందరపడి తీర్పు చెప్పకూడదు. చిటికెడు పొడుమును కాగితం మీద పరిచి కొన్ని నిమిషాలు వదిలేస్తే అమ్మోనియా చాలావరకు ఎగిరిపోతుంది. అప్పుడు తడిమట్టి, పాత తోలు, తీపి చేర్చని కోకో వంటి వాసనలు ఒక్కొక్కటిగా తెలుస్తాయి. ఇవన్నీ అందరికీ ఇదే వరుసలో తెలియాలని లేదు. తెలిసినదానికి అప్పటికప్పుడే ఒక పేరు పెట్టి రాసుకోవడం మాత్రం తప్పనిసరి, ఎందుకంటే పేరు లేని వాసన మరుసటి రోజుకు గుర్తుండదు.

పీల్చే పద్ధతి గురించి చెప్పవలసింది కొద్దిగానే ఉంది. పొడుం ముక్కుపుటం ముందుభాగంలో ఆగితే చాలు, అక్కడి నుంచి ఆవిరే పైకి వెళ్లి తన పని చేస్తుంది. బలంగా ఎగపీలిస్తే అది గొంతులోకి జారి దగ్గు తెప్పిస్తుంది, వాసన ఏమీ మిగలదు. ముతకగా ఉన్న కెండల్ బ్రౌన్ ఈ విషయంలో కాస్త క్షమిస్తుంది. మరో సంగతి ఏమిటంటే, మన ముక్కుపుటాలు రెండూ ఒకేసారి సమానంగా తెరుచుకుని ఉండవు. కొన్ని గంటలకొకసారి ఒకటి బిగుసుకుని మరొకటి వదులవుతుంటుంది. దీన్ని 1895లోనే కైజర్ అనే జర్మన్ వైద్యుడు వివరించాడు. అందువల్ల ఒక పుటంతో చూసి నశ్యం చప్పగా ఉందని రాసేవారి మాటను నేను పెద్దగా లెక్కలోకి తీసుకోను.

ఘ్రాణశక్తి తగ్గినవారికి గులాబీ, యూకలిప్టస్, నిమ్మ, లవంగం వాసనలను రోజుకు రెండుసార్లు, 12 వారాలపాటు శ్రద్ధగా చూపించే సాధనను జర్మన్ పరిశోధకుడు థామస్ హమ్మెల్ బృందం 2009లో ప్రచురించింది. అందులో నశ్యం ప్రసక్తే లేదు, అది ఆరోగ్యంగా ఉన్న ముక్కు కోసం రూపొందించిందీ కాదు. అయినా అందులోని క్రమశిక్షణ, అంటే కొద్ది వాసనలే తీసుకోవడం, రోజూ చూడడం, మనసు పెట్టి చూడడం, ఇక్కడ అక్షరాలా పనికివస్తుంది. లవంగాన్నీ నిమ్మనూ విడిగా ఎరిగిన ముక్కు వాటి ఛాయలను పొగాకులో త్వరగా పోల్చుకుంటుంది.

ఈ మూడు డబ్బాలతో పైన చెప్పిన సాధనలో అధికభాగానికి పొడుమును ముక్కులో వేసుకోవలసిన అవసరమే లేదని గమనించాలి, అలా వేసుకోకపోవడమే మేలు. నశ్యంలోని నికోటిన్ వ్యసనంగా మారుతుంది. పొగరాని పొగాకును అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ మనుషులలో క్యాన్సర్ కలిగించే పదార్థాల మొదటి వర్గంలో చేర్చింది; మితిమీరిన నశ్యానికీ ముక్కులోని కంతులకూ సంబంధం ఉందని లండన్ వైద్యుడు జాన్ హిల్ 1761లోనే హెచ్చరించాడు. పైగా నిత్యం వాడేవారి ముక్కులో శ్లేష్మపొర దెబ్బతింటే వాసన పట్టే శక్తే మొద్దుబారుతుంది గనుక, వాసన కోసం ఎక్కువగా పీల్చేవాడు తన పనిముట్టును తానే పాడుచేసుకుంటున్నాడు. నశ్యం అలవాటు లేనివారు ఈ సమీక్ష చదివి కొత్తగా మొదలుపెట్టనక్కరలేదు.

ఇప్పటికే అలవాటున్నవారు ఒక్కటే తీసుకోదలిస్తే నా ఓటు కెండల్ బ్రౌన్‌కే. వాసనలో అతి లోతైనది, ఓపికకు ప్రతిఫలం ఇచ్చేది అదే. రెండోదానికి అవకాశం ఉంటే ఎస్.పి. బెస్ట్ తీసుకోవచ్చు, కానీ దాన్ని చిన్న డబ్బాలోనే కొనాలి: తెరిచి ఉంచిన నశ్యంలో ముందుగా పోయేది నిమ్మజాతి తైలమే కాబట్టి, మూత వదులైన పెద్ద డబ్బాలో కొంతకాలానికి మిగిలేది పేరు మాత్రమే ఎస్.పి. అయిన మామూలు ఎండు పొగాకు.