గొలుసులు లేని ట్రైలర్‌తో గ్రాండ్ కాన్యన్‌కు

లాస్ ఏంజెలిస్ నుంచి గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకు ఫిఫ్త్ వీల్ ట్రైలర్‌తో, అంటే ముందు భాగం ట్రక్కు తొట్టిలో ఆనే బస ట్రైలర్‌తో వెళ్లేవారు బస కన్నా ముందు, ట్రైలర్‌ను ట్రక్కుకు తగిలించే తీరు గురించి ఆలోచించాలి.

మా మామగారు బయలుదేరే ముందే అడిగారు: "పక్క ట్రైలర్‌కు రెండు గొలుసులున్నాయి, మనదానికి ఒక్కటీ లేదేమిటి బాబూ?" అడగవలసిన ప్రశ్నే. ట్రక్కు బంపరు వెనక ఉండే ఇనుప బంతి మీద కూర్చునే ట్రైలర్ ఊడితే దాని ముక్కు రోడ్డును గుద్దుకోకుండా గొలుసులు ఆపుతాయి. అందుకే వాటిని ఒకదాని మీదుగా ఒకటి అడ్డంగా వేస్తారు. ఫిఫ్త్ వీల్ సంగతి వేరు. దాని కింగ్‌పిన్‌ను, అంటే ముందు భాగం కింద ఉండే లావుపాటి ఇనుప కడ్డీని, ట్రక్కు తొట్టిలోని హిచ్ (తగిలించే పరికరం) దవడలు చుట్టూ బిగించి పట్టుకుంటాయి. ఈ అమరికకు కాలిఫోర్నియా వాహన చట్టం 29004వ సెక్షన్ గొలుసుల నుంచి మినహాయింపు ఇచ్చింది. కింగ్‌పిన్‌కు అడాప్టర్ బిగించి బంతి మీద లాగేవారు మాత్రం ఆ మినహాయింపును నమ్ముకోకుండా గొలుసులు వేసుకోవాలి.

గొలుసు లేనప్పుడు భారమంతా దవడల తాళం మీద, ట్రైలర్ ఊడితే పిన్ను లాగి దాని బ్రేకులు వేసే బ్రేక్‌అవే తీగ మీద పడుతుంది. ట్రైలర్ అద్దెకిచ్చిన సంస్థ మనిషి ఆ తీగను హిచ్ పిడికే తగిలించాడు. నేను ఒప్పుకోలేదు. హిచ్ మొత్తం ఊడి ట్రైలర్‌తోపాటే పోతే తీగ బిగుసుకోదు, పిన్ను ఊడిరాదు, ట్రైలర్ బ్రేకులు పడవు. పట్టుబట్టి ట్రక్కుకే బిగించి ఉన్న కొక్కేనికి మార్పించాను. తర్వాత ట్రైలర్ చక్రాలకు దిమ్మలు పెట్టి, ముందు కాళ్లు నేలకు ఆని ఉండగానే ట్రక్కును కాస్త ముందుకు లాగి చూశాం. దవడలు సరిగా పట్టకపోతే ట్రైలర్ కాళ్ల మీదే నిలిచిపోతుంది. ఈ పరీక్ష చేయకుండా బయలుదేరితే అది తొట్టి అంచుల మీద కూలవచ్చు.

కాలిఫోర్నియాలో ట్రైలర్ లాగే వాహనానికి వేగ పరిమితి గంటకు 55 మైళ్లే. కహోన్ కనుమ ఎక్కి, బార్‌స్టోలో 40వ హైవే పట్టుకోవాలి. వేసవిలో రాత్రి బసకు నీడిల్స్ వద్దు, అక్కడి వేడికి పెద్దవాళ్లు తట్టుకోలేరు. సుమారు 3,300 అడుగుల ఎత్తున్న కింగ్‌మన్ నయం. ట్రైలర్‌ను విప్పకుండా నేరుగా లోపలికి వెళ్లి, అటువైపు నుంచి బయటికి వచ్చే స్థలమే అడగండి.

దక్షిణపు అంచున మేథర్ క్యాంప్‌గ్రౌండ్ చెట్ల మధ్య హాయిగా ఉంటుంది, ఖర్చూ తక్కువ. కానీ నీరు, కరెంటు కనెక్షన్లు ఉండవు, 30 అడుగులు దాటిన బండిని రానివ్వరు. ఫిఫ్త్ వీల్‌కు అక్కడే ఉన్న మరో క్యాంప్‌గ్రౌండ్, ట్రైలర్ విలేజే దారి. నీరు, కరెంటు, మురుగునీటి కనెక్షన్లు మూడూ ఉన్నాయి. స్థలాలు ఒకదానికొకటి దగ్గరగా ఉన్నా, తగిలించడానికి, విప్పడానికి ఎవరూ తొందరపెట్టరు. ఎల్క్ జింకలు ట్రైలర్ల మధ్యే తిరుగుతాయి, పిల్లలను దగ్గరికి పోనివ్వకండి. స్నానాలకు, బట్టలు ఉతుక్కోవడానికి మేథర్ దగ్గర డబ్బు చెల్లించే ఏర్పాటు ఉంది. ఉచిత షటిల్ బస్సులు ఉండటంతో అక్కడ ఉన్నన్ని రోజులూ ట్రక్కును కదపనక్కరలేదు. మా అత్తగారూ మామగారూ అంచు పొడవునా ఆ బస్సుల్లోనే తిరిగారు.