కాచిగూడ స్టేషన్ కోసం హైదరాబాద్‌లో నాలుగు రోజులు

మూడేళ్లుగా మా ఇంట్లో ఒక జర్మన్ రైల్వే స్టేషన్ అట్టపెట్టెలోనే ఉండిపోయింది. ముక్కలు అతికించి నమూనా కట్టుకునే ఫాలర్ కంపెనీ ప్లాస్టిక్ కిట్, 1:87 స్కేల్, అంటే అసలు కొలతలో 87వ వంతు. మంచు జారిపోవడానికి వేసిన ఏటవాలు కప్పు, చెక్క రెక్కల కిటికీలు. ఎంత శ్రద్ధగా అతికించినా అది మన వైపు స్టేషన్ అవదు. దాని గోడలు కోసి, కొత్తవి చేర్చి, కాచిగూడ స్టేషన్‌గా మార్చాలన్నది నా కోరిక. కావలసిన సామాను, కొలతల కోసం మా బావమరిదిని తోడు తీసుకుని విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళాను. గురువారం దిగి ఆదివారం రాత్రి తిరుగు బండి ఎక్కాం.

మొదటి పూట హాబీ షాపుల కోసం తిరిగి వృథా చేశాను. పెద్ద బొమ్మల దుకాణాల్లో డైకాస్ట్ కార్లు బోలెడు, విమానాల కిట్లు కొన్ని ఉన్నాయి. భవనాల కిట్లు మాత్రం నేను చూసినంతలో కనిపించలేదు. విదేశాల నుంచి తెప్పించుకుంటే కిట్ ధర మీద షిప్పింగ్, కస్టమ్స్ పడతాయి. కానీ ఉన్న కిట్‌ని మార్చుకోవడానికి కావలసినవన్నీ ఈ నగరంలో దొరుకుతాయి. అవి హాబీ షాపుల్లో ఉండవు, వేరే వ్యాపారాల వాళ్ళ దగ్గర ఉంటాయి. ఈ మాట ముందే తెలిసి ఉంటే మాకు ఒక పూట కలిసొచ్చేది.

బస గురించి. మొదటి రాత్రి స్టేషన్‌కి దగ్గరని ఒక లాడ్జిలో దిగాం. గది శుభ్రంగానే ఉంది కానీ బల్ల లేదు, ట్యూబ్‌లైట్ వెలుగు మంచం మీదికి కూడా సరిగ్గా రాలేదు. కొన్న ముక్కలు అక్కడికక్కడే జోడించి చూసుకోకపోతే తేడా ఇంటికెళ్ళాకే తెలుస్తుంది. మర్నాడు నాంపల్లిలో రోజుకు ఆరు వందలు ఎక్కువిచ్చి, కిటికీ పక్కన రాత బల్ల ఉన్న గదికి మారాం. ఆ ఆరు వందలు దండగ కాలేదు. మెట్రో కూడా నడిచివెళ్ళే దూరంలోనే ఉంది.

కాచిగూడ స్టేషన్ 1916లో నిజాం రైల్వే కాలంలో కట్టింది. మధ్యలో గుమ్మటం, పక్కన చిన్న గుమ్మటాలు, మినార్లు. పొద్దున ఆరింటికే వెళ్ళి, ముందున్న రోడ్డు మీద నుంచి ఫొటోలు తీశాను. దగ్గరగా నిలబడి ఫోన్ పైకెత్తితే గోడలు లోపలికి వాలినట్టు పడతాయి. దూరంగా నిలబడి, ఫోన్ నిటారుగా పట్టుకుని, జూమ్ చేసి తీయాలి. బావమరిదిని ద్వారం పక్కన నిలబెట్టాను. అతని ఎత్తు ఐదడుగుల ఎనిమిది అంగుళాలు, అంటే దాదాపు 173 సెంటీమీటర్లు. 87తో భాగిస్తే దాదాపు 20 మిల్లీమీటర్లు. ఫొటోలో అతనికి కమాను ఎన్ని రెట్లుందో చూసుకుంటే నమూనాలో దాని ఎత్తు తేలిపోతుంది. "బావా, ఇంకెంతసేపు ఇలా నిలబడాలి?" అని నాలుగుసార్లు అడిగాడు పాపం. టీ తాగించి మళ్ళీ నిలబెట్టాను.

ముడి సామానుకి మాసబ్ ట్యాంక్ వైపు వెళ్ళండి. అక్కడి ఆర్కిటెక్చర్ యూనివర్సిటీ విద్యార్థులు సరుకు కొనే స్టేషనరీ దుకాణంలో సన్‌బోర్డ్ (తేలికైన ఫోమ్ ప్లాస్టిక్ పలక), ఎండీఎఫ్ (చెక్క పొట్టును అదిమి చేసిన పలక), యాక్రిలిక్ షీట్, తీగతో చేసిన బొమ్మ చెట్లు, చిన్న మనుషుల బొమ్మలు అన్నీ చూశాను. "ఏ స్కేల్ అన్నా, వందా, రెండొందలా?" అని అడిగాడు కుర్రాడు. మన 87 వాళ్ళ లెక్కలో లేదు. 1:100 మనుషులు మన స్కేల్లో పొట్టిగా కనిపిస్తారు, 20కి బదులు 17 మిల్లీమీటర్లే ఉంటారు. వాళ్ళని ప్లాట్‌ఫాం వెనక వైపు నిలబెడితే దూరం ఎక్కువున్నట్టు అనిపిస్తుంది, అందుకని ఒక ప్యాకెట్ కొన్నాను. చెట్లకు ఈ ఇబ్బంది లేదు, చెట్టు ఏ ఎత్తులోనైనా ఉంటుంది కదా. ఒక్క జాగ్రత్త: కిట్ ప్లాస్టిక్‌ని కరిగించి అతికించే, సిమెంట్ అని పిలిచే పల్చటి జిగురు సన్‌బోర్డ్‌కి పట్టదు, ఫెవిక్విక్ వాడాలి. అదే ఫెవిక్విక్ కిటికీ యాక్రిలిక్ దగ్గర వాడితే తెల్లటి పొగ పట్టేస్తుంది, అక్కడ ఫెవికాలే మంచిది.

నాకు బాగా నచ్చింది లాడ్ బజార్. గాజుల కోసం వచ్చిన ఆడవాళ్ళ మధ్య నేను స్కేలు పట్టుకుని లేసులు కొలుచుకుంటూ తిరిగాను. చిన్న వల అల్లిక ఉన్న లేసుని నీళ్ళు కలిపిన ఫెవికాల్లో ముంచి, అద్దం మీద పరిచి ఆరబెడితే గట్టిపడుతుంది. దానిమీద బూడిదరంగు వేస్తే పిట్టగోడ జాలీ తయారు. గుమ్మటం మీది కలశానికి ఒక పెద్ద పూస, దానిమీద చిన్నది, ఆపైన గుండుసూది చాలు. గుమ్మటానికి టేబుల్ టెన్నిస్ బంతి. దాని వ్యాసం 40 మిల్లీమీటర్లు, అసలు కొలతలో మూడున్నర మీటర్లు, చిన్న గుమ్మటాలకు పనికొస్తుంది. ఇవన్నీ కలిపి రెండు వందలు కూడా కాలేదు. రెండు మూరల లేసు అడిగినందుకు విసుక్కోకుండా ఆ పెద్దాయన కోసిచ్చాడు.

దీపాలకు కోఠిలోని గుజరాతీ గల్లీ. శనివారమే వెళ్ళాం, ఆదివారం చాలా షాపులు మూసి ఉంటాయన్నారు. వామ్ వైట్, అంటే పసుపు ఛాయ ఉన్న ఎల్ఈడీలు తీసుకోండి, తెల్లటివి పెడితే పాత స్టేషన్ ఆసుపత్రిలా వెలుగుతుంది. 12 వోల్టుల అడాప్టర్‌కి ఒక్కో ఎల్ఈడీకి కరెంటును తగ్గించే 1.8 కిలో ఓమ్ రెసిస్టర్ పెడితే 5 మిల్లీ ఆంపియర్లు వెళ్తుంది, ఆ వెలుగు సరిపోతుంది.

ఇక నన్ను బాధపెట్టిన పని లేజర్ కటింగ్. కమానుల గోడలు 3 మిల్లీమీటర్ల ఎండీఎఫ్‌లో కోయమని ఒక షాపులో డ్రాయింగ్ ఇచ్చాను. లేజర్ కోసినచోట కొంత చెక్క కాలిపోతుంది, ఆ మేరకు ముక్కలు ఒకదానిలో ఒకటి దూరే గాడులు వదులవుతాయి, ముందు ఒక చిన్న ముక్క కోసి చూపించండి అని రెండుసార్లు చెప్పాను. సాయంత్రం వెళ్ళేసరికి మొత్తం కోసేసి ఉంచారు. గాడులన్నీ వదులు, అంచులన్నీ నల్లగా మాడి ఉన్నాయి. మళ్ళీ కోయాలంటే మళ్ళీ పూర్తి డబ్బు కట్టాలన్నారు. మీరు వెళ్తే ఎదుట నిలబడి శాంపిల్ కోయించుకుని, జోడించి చూశాకే మిగతాది ఇవ్వండి.

ఆదివారం పొద్దున పురానీ హవేలీలో నిజాం మ్యూజియం చూశాం. ఏడో నిజాం రజతోత్సవానికి వచ్చిన కానుకలు అక్కడున్నాయి, వాటిలో నగర భవనాల వెండి నమూనాలు కూడా. మా పని ఇదే కాబట్టి వాటి ముందే గంటసేపు ఉండిపోయాం. దూరం నుంచే ఇది ఫలానా భవనం అని తెలుస్తోంది. ఆకారం అంచు సరిగ్గా కుదిరితే చాలు, కిటికీ ఊచలు తర్వాతి సంగతి అని నాకు అక్కడ ధైర్యం వచ్చింది. శుక్రవారం దీనికి సెలవు. సాలార్‌జంగ్ మ్యూజియానికీ అంతే. అక్కడ గంట కొట్టే బొమ్మ గడియారం దగ్గర జనం ఎక్కువ, ముందుగా వెళ్ళి కూర్చోవాలి.

తిరుగు ప్రయాణానికి ముందు స్ప్రే ప్రైమర్ డబ్బా, థిన్నర్ సీసా కొనకుండా వదిలేశాను. మండే సరుకులు రైల్లో తీసుకురాకూడదు. నీళ్ళలో కలిసే యాక్రిలిక్ రంగులతోనే సరిపెట్టుకుంటున్నాను.

వదులైన గాడుల బెంగ ఇంటికొచ్చాక తీరింది. కొండపల్లి బొమ్మల ముక్కలు అతికే మక్కు, అంటే చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపిన ముద్ద, ఇక్కడ మాకు తెలిసినదే. సందుల్లో కూరి, ఆరాక గరుకు కాగితంతో రుద్దితే గోడ నున్నగా వచ్చింది, మాడిన అంచులూ కప్పుకుపోయాయి. జర్మన్ కప్పు తీసేశాను. చదును డాబా, పిట్టగోడ, లేసు జాలీ కూర్చున్నాయి. పెద్ద గుమ్మటానికి తగిన బంతి మాత్రం ఇంకా వెతుకుతున్నాను.