కొలోమా వెళ్తే ఆ పాత సెమెటరీ కూడా చూసి రండి

కాలిఫోర్నియాలో ఫోల్సమ్, శాక్రమెంటో వైపు ఉండే మనవాళ్ళు పిల్లల్ని తీసుకుని కొలోమా వెళ్తారు, బంగారం దొరికిన చోటు చూపిస్తారు, నది ఒడ్డున పులిహోర తిని సాయంత్రానికి ఇల్లు చేరతారు. పార్కు బాగుంటుంది, కాదనను. 1848 జనవరి 24న జేమ్స్ మార్షల్‌కి రంపపు మిల్లు కాలవలో బంగారం కనిపించింది అక్కడే. కానీ నన్నడిగితే ఆ ఊళ్ళో తప్పకుండా చూడాల్సింది కోల్డ్ స్ప్రింగ్స్ రోడ్డు మీదున్న పయనీర్ సెమెటరీ.

వాలు మీద ఓక్ చెట్లు, ఎండుగడ్డి, పక్కకి ఒరిగిన పాత సమాధిరాళ్ళు. శ్మశానానికి పిల్లలతో ఏంటని మా అత్తగారు ముందు కారు దిగలేదు. నాన్సీ గూచ్ సమాధి ఇక్కడే ఉంది. 1849లో ఆవిణ్ణి మిస్సోరీ నుంచి బానిసగా తీసుకొచ్చారు, కొడుకు అక్కడే ఉండిపోయాడు. 1850లో కాలిఫోర్నియా బానిసత్వం లేని రాష్ట్రం కావడంతో విడుదలైంది. గని పనివాళ్ళకి బట్టలుతికి, వండిపెట్టి, పైసా పైసా కూడబెట్టి, 1870లో కొడుకు ఆండ్రూ మన్రోని, కోడల్ని తన దగ్గరికి రప్పించుకుంది. తర్వాత ఆ కుటుంబమే మిల్లు ఉన్న నేలతో సహా భూములు కొని పండ్లతోటలు వేసింది. మార్షల్ మాత్రం 1885లో చేతిలో చిల్లిగవ్వ లేకుండా పోయాడు, 1890లో ఆయన సమాధి మీద పెద్ద విగ్రహం పెట్టారు. ఇదంతా విన్నాక అత్తగారు దిగి వచ్చి, "ఎన్నేళ్ళకి చూసుకుందే ఆ బిడ్డని?" అని అడిగారు. ఇరవయ్యేళ్ళ పైనే, అత్తయ్యా.

టైముంటే దగ్గర్లోని గోల్డ్ హిల్ కూడా కలుపుకోండి. 1869లో జపాన్ నుంచి టీ, పట్టు పండిద్దామని వచ్చినవాళ్ళ వాకమట్సు కాలనీ అక్కడే ఉండేది. వాళ్ళతో వచ్చిన ఒకేయి అనే అమ్మాయి 1871లో పందొమ్మిదేళ్ళకే చనిపోయింది, చిన్న సమాధిరాయి మీద పేరు ఇంగ్లీషులోనూ జపనీస్‌లోనూ ఉంటుంది. ఆ పొలంలోకి ఎప్పుడు పడితే అప్పుడు వెళ్ళనివ్వరు, తెరిచి ఉండే రోజులు చూసుకుని బయల్దేరండి.

బస మాత్రం నిరాశే. ప్లాసర్‌విల్‌లో మేం దిగిన మోటెల్‌లో రాత్రంతా హైవే రొద, పైగా చెప్పని క్లీనింగ్ ఫీజు ఒకటి బిల్లులో వేశారు, అడిగితే తీసేశారనుకోండి. ఫోల్సమ్ నుంచి పొద్దున్నే వెళ్ళి రావడమే సుఖం. కొలోమాలో శాకాహారం దొరకడం కష్టం, డబ్బా కట్టుకెళ్ళండి. ఎండాకాలం రాటిల్ స్నేక్‌లు తిరుగుతాయి కాబట్టి చెప్పులతో వద్దు, బూట్లేసుకోండి, పిల్లల్ని గడ్డిలోకి వదలకండి. ఆ సమాధిరాళ్ళ మీద ఎక్కనివ్వకండి, కొన్ని చెయ్యి ఆనిస్తేనే కదులుతున్నాయి.